దాల్చా గిన్నె మూత

గచ్చిబౌలి,
27 మార్చి 2026.

ప్రియమైన నుస్రత్ ఆపాకు,

కింది అంతస్తు జాయ్స్ వందనాలతో, సలాములతో రాసుకునేది. మేము క్షేమమే. మీరూ, భాయ్‌సాబ్ కూడా క్షేమమని అనుకోవడమే తప్ప, మెట్లెక్కి వచ్చి అడిగే మొహం నాకు లేదు. ఒక్క అంతస్తుకి ఉత్తరమేమిటని నవ్వుతారేమో. నవ్వండి, నాకదే కావాలి.

మొన్న బుధవారం మంగళవార్త పండుగ. దేవదూత వచ్చి మరియమ్మకు బిడ్డ పుడతాడని చెప్పిన రోజు. ఆ కథ మా బైబిల్లోనూ, మీ ఖురాన్‌లోనూ ఉన్నప్పుడు కలిసి ఎందుకు చేసుకోకూడదని మొదట అన్నది మీరే. క్లబ్‌హౌస్‌లో నేను లూకా సువార్త చదివాను. మీరు మరియం సూరా చదివి తెలుగులో అర్థం చెబుతుంటే, ఖర్జూర చెట్టు కింద ఆమె ఒంటరిగా నొప్పులు పడిందన్న చోట నాకు కళ్లు చెమర్చాయి.

ఆ తర్వాతే నా నోరు పాడైంది. భోజనాల దగ్గర, మీరు పప్పుతో వండి తెచ్చిన దాల్చా గిన్నె ముందు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ రోహిణిగారు నా పక్కన చేరి, వీళ్లింటి వంట మీరు తింటారా అని మెల్లగా అడిగారు. నేను మాత్రం గట్టిగా, దాల్చాలో మాంసం ఉంటుందండీ, మాకు తపస్సు కాలం, ఈస్టర్ దాకా ముట్టమని అనేశాను. మా చర్చివాళ్లంతా పళ్లేలు వెనక్కి తీసుకున్నారు. మీరేమో, ఫికర్ చెయ్యకు జాయ్స్, ఖాళీ కడుపుతోని ఉండకు, జర పెరుగన్నమన్నా తిను అని నాకే చెప్పి, నిండు గిన్నెను దుపట్టాతో పట్టుకుని లిఫ్టెక్కారు.

ఆ దాల్చా మీరు వాచ్‌మన్ ఇంటికిచ్చారట. అంతా సొరకాయే, ఎముక ముక్క కూడా తగల్లేదని వాచ్‌మన్ భార్య కిష్టమ్మ నిన్న చెప్పింది. మా తపస్సు కాలం గుర్తుపెట్టుకుని మాంసం లేకుండా వండారన్నమాట. నాకు తల కొట్టేసినట్టయింది. నరం లేని నాలుక, పొరపాటున అనేసింది. క్షమించండి. మీ గిన్నె మూత నా దగ్గరే ఉండిపోయింది.

ఇట్లు,
మీ చెల్లెలు
జాయ్స్

తా.క.: ఆపా, పొరపాటున అని రాశాను. అది అబద్ధం. రోహిణిగారు అడగకముందే మూత తీసి చూశాను, అందుకే అది నా చేతిలో ఉండిపోయింది. సొరకాయ ముక్కలే కనబడ్డాయి, మాంసం లేదు. చూసి కూడా అలా అన్నాను. మీ ఇంట్లో తింటామని తెలిస్తే ఆవిడ దగ్గర చులకనవుతామని భయపడ్డాను. ఎల్లుండి మట్టల ఆదివారం చర్చిలో పూజయ్యాక మావాళ్లకూ, తర్వాత రోహిణిగారికీ ఈ మాటే చెబుతాను. మా అమ్మ మార్తమ్మకు ఊళ్లో టీకొట్టువాళ్లు వేరే గ్లాసు పెట్టేవారని మీ దగ్గర ఏడ్చాను కదా. మొన్న మీ ముందు ఆ గ్లాసు పెట్టింది నేనే.