ఎనిమిదో మెట్టు

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మా బావగారు బొంబాయి నుంచి ఆదోనికి చదరంగం ఆడే మిషన్ తెచ్చారు. వారంగా దాన్ని ఓడిస్తున్నానని మురిసిపోయాను. నిన్న మా ఆయన అత్తతో నవ్వుతూ చెబుతుంటే విన్నాను.

"మిషన్ను అన్నిటికన్నా సులువైన ఒకటో మెట్టులో పెట్టినాలేమ్మా. తానే గెలుస్తాండానని ఎగురుతాంది."

ఒళ్లు మండిపోయింది. చిన్నప్పుడు నేనెంత ఏడ్చినా, చంపిన మంత్రిని నువ్వు తిరిగి ఇవ్వలేదు. "బాగా సూసి ఆడు పాపా" అన్నావు. ఈయనకు నా మీద ఆ మాత్రం గౌరవం లేదు.

మిషన్ మీటను చివరిదైన ఎనిమిదో మెట్టుకు తిప్పాను. రెండాటలు ఓడిపోయాను. మూడోది ఆడుతుంటే ఈయన మళ్లీ ఒకటికి తిప్పుదామని మీట మీద చెయ్యి వేశారు.

"సెయ్యి తియ్యండి. ఓడిపోతే నేనే కదా ఓడిపోయేది."

తీశారు.

ఒకటో మెట్టులో మిషన్ చప్పున ఎత్తు వేసేది. ఇప్పుడు నా ఎత్తు చూసి చాలాసేపటి నుంచి ఆలోచిస్తోంది. ఆ సందులోనే నీకిదంతా రాశాను.