పదిహేను డాలర్లలోపు దిక్సూచి

అక్టోబర్ 6, ఆదివారం, ఉదయం 9

మిడ్జీ, నా బంగారూ, ఈ నోటుబుక్కు నీదే. సగం పేజీలు ఖాళీగా వదిలిపోయావు కాబట్టి నేను రాస్తున్నాను. తిట్టుకోకు.

ఫిబ్రవరిలో ఆ మంచు రోడ్డు నిన్ను మింగినప్పటి నుంచి నీ రోబో అలమరలో కూర్చుని నన్నే చూస్తోంది. ఐస్‌క్రీమ్ బకెట్‌కి చక్రాలు తగిలించి రోబో అనడం నీకే చెల్లింది. నీ ఆఖరి పేజీలో ఒకే ముక్క ఉంది: "దిక్సూచి సెన్సర్ కొనాలి. చవకది." ఇరవై రెండేళ్ళ పిల్ల రాసిన వీలునామా ఇదీ!

సరే, కొంటాను. 19న, శనివారం, హాకీ ఆడే రింకులో (ఇంకా ఐస్ వేయలేదు) మీ రోబో క్లబ్బు వాళ్ళ ఆట. రోబో ఇరవై అడుగులు వెళ్ళి, తనంతట తానే వెనక్కి తిరిగి, బయల్దేరిన గీత దగ్గరికి రావాలి. ఈ ఇంట్లోంచి వెళ్ళినవాటిలో ఒక్కటైనా తిరిగి రావడం నేను చూడాలి.

నియమాలు: ఒకటే సెన్సర్. పదిహేను డాలర్లు దాటకూడదు. బూతులు కూడదు. టంకం వేసేటప్పుడు ఏడవకూడదు (తడి తగిలితే చిటపటమంటుంది).

అక్టోబర్ 7, సోమవారం

మీ క్లబ్బు పెద్ద ఆర్విడ్‌కి ఫోన్ చేశాను. ఈ దిక్సూచుల్లో తేడా ఏమిటని అడిగాను.

"చవకది సమంగా ఉంచితేనే నిజం చెబుతుంది మార్లిస్. ఖరీదైనది ఎలా వంగినా చెబుతుంది."

"చవకదే మా ఆయన కంటే నయం. ఆయన నిలబడ్డా, పడుకున్నా ఒక్క నిజం చెప్పలేదు. రింకు నేల సమంగానే ఉంటుందిగా?"

"ఉంటుంది."

అయితే చవకదే! నాలుగు డాలర్లు! పదో తరగతిలో బడి మానేసినదాన్ని, ఎంత తెలివో చూడు.

అక్టోబర్ 11, శుక్రవారం, సాయంత్రం 4.30

వచ్చింది! బఠాణీ గింజంత చిప్పు. నాలుగు తీగలు అతికించాను. నువ్వు పెట్టిన చిన్న తెర మీద సున్నా. తిప్పినా సున్నా. తిట్టినా సున్నా. (మూడో నియమం పోయింది.)

ఆర్విడ్ వచ్చి భూతద్దం పెట్టి చూశాడు. "పైన రాసిన పేరొకటి, లోపలి చిప్పు ఇంకొకటి. మీ అమ్మాయి ప్రోగ్రామ్ దీన్ని గుర్తుపట్టదు."

"దొంగ సరుకా?"

"వేషం మార్చిన చుట్టం అనుకో."

మినియాపొలిస్‌లో ఒక దుకాణానికి చెప్పి ఇంకొకటి తెప్పిస్తున్నాను. తొమ్మిది డాలర్లు. రెండూ కలిపినా పదిహేను దాటలేదు, కాబట్టి ఆ నియమం బతికే ఉంది. 'ఒకటే' అన్నది అప్పటి మాట.

అక్టోబర్ 14, సోమవారం

పనిచేస్తోంది!! ఉత్తరానికి సున్నా, తూర్పుకి తొంభై!

మొదట దానికి దిక్కులు అలవాటు చేయాలట. చేత్తో పట్టుకుని గాలిలో ఎనిమిది అంకె చుట్టాలి. పెరట్లో చుడుతుంటే మీ వెర్నా పెద్దమ్మ వచ్చింది.

"ఏమే, ఈగల్ని తోలుతున్నావా, దయ్యాన్ని పిలుస్తున్నావా?"

"దిక్కులు నేర్పుతున్నాను అక్కా."

"ముందు నీకొచ్చా? పోయినేడు నా పుట్టినరోజు కేకు పక్కింట్లో ఇచ్చొచ్చావు."

ఒక్కటే చిక్కు. బయల్దేరగానే బకెట్ ముక్కు పైకెత్తుతోంది. కిటికీ గట్టు మీద మీ తాత గనిలోంచి తెచ్చిన రాయి ఉంది కదా, ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉన్నట్టే. దాన్ని తెచ్చి ముందువైపు, సెన్సర్ కిందనే కట్టేశాను. ముక్కు కదిలితే ఒట్టు.

అక్టోబర్ 15, మంగళవారం

ఉదయం 7.00: ఉత్తర దిక్కు ఫ్రిజ్ వైపుందట.
7.20: స్నానాల గది వైపట.
7.40: ఎటు తిప్పితే అటే ఉత్తరమట.

మీ దిక్సూచి తాగి ఉందని దుకాణం వాళ్ళకి రాశాను. ఎలా వంగినా నిజం చెప్పే రకం తెప్పిస్తున్నాను. ముప్పై నాలుగు డాలర్లు. అరవకు. ఏటా ఈ రోజుల్లో నీకు మంచు బూట్లు కొనేదాన్ని. ఈ ఏడు కొననక్కర్లేదుగా.

అక్టోబర్ 18, శుక్రవారం

ముప్పై నాలుగు డాలర్లదీ అదే పాట. టంకం మీద ఏడ్చాను. చిటపటమంది. నియమాలన్నీ అయిపోయాయి.

రేపు వెళ్ళనని అక్కకి ఫోన్‌లో చెప్పేశాను.

"మానెయ్. నేనే తీసుకెళ్తాను. చీపురుకర్రతో నెట్టుకుంటూ."

"దాన్ని ముట్టుకున్నావో, చేతులు విరిచేస్తా."

"అదీ! పదింటికి కారు తెస్తా, తయారుగా ఉండు."

అక్టోబర్ 19, శనివారం

రింకులో ఆర్విడ్ వంగి బకెట్‌లోకి తొంగిచూశాడు. అయస్కాంతం మొన ఉన్న స్క్రూడ్రైవర్ తీసి రాయికి ఆనించాడు. టక్కున అతుక్కుంది.

"ఇదేమిటి మార్లిస్?"

"మా నాన్న గని రాయి."

"ఆయన ఆ గనిలో తవ్విందేమిటి?"

"ఇను..."

"మూడు తరాలు ఇనుము తవ్వి తిన్న ఇంటి పిల్లవి! దాన్నే తెచ్చి దిక్సూచి కింద కడతావా?"

రింకంతా నవ్వింది. అందరికంటే గట్టిగా మీ పెద్దమ్మ. రాయి తీసేసి నీళ్ళ సీసా కట్టాం. మళ్ళీ ఎనిమిది చుట్టాను, అందరి ముందూ.

నీ బకెట్ గరగరమంటూ వెళ్ళింది. ఇరవై అడుగుల దగ్గర ఆగింది. కాసేపు ఆలోచించింది. తిరిగింది. నావైపే తిరిగింది మిడ్జీ. తిన్నగా వస్తోంది. ఇంకా మూడడుగులు ఉండగానే నావల్ల కాలేదు. గీత దాటి పరుగెత్తి ఎత్తేసుకున్నాను. దాని చక్రాలు నా కోటు మీద ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

ఆర్విడ్ ముక్కు చీదుకున్నాడు. "ముట్టుకుంటే లెక్కలోకి రాదు మార్లిస్. ఆట నియమం."

"నీ నియమాన్ని పొయ్యిలో పెట్టు," అన్నాను.

అక్టోబర్ 20, ఆదివారం, ఉదయం 9

నవంబర్ 16న మళ్ళీ ఆట ఉంది. తొమ్మిది డాలర్లది తిరిగి బిగించాను, ఖరీదైనది వాపసు పంపుతున్నాను. తాగి ఉన్నది నేనేనని దుకాణానికి రాశాను.

ఈసారి నియమం ఒక్కటే: అది నా కాళ్ళ దగ్గరికి వచ్చేదాకా కదలకుండా నిలబడాలి.

పొద్దున్నే వంటింట్లో సాధన మొదలుపెట్టాను. మొదటిసారి రెండడుగుల దూరంలో ఎత్తేసుకున్నాను. రెండోసారి ఒక్క అడుగు. మెరుగే.

నువ్వున్నచోట వంట ఎవరు చేస్తారో, ఏం పెడతారో నాకు తెలియదు. మొహమాటపడకు, మారు అడిగి పెట్టించుకో. బాగా తిను.