కొత్త లేత్ మా అన్నయ్య చేతికి పోకూడదని రాసిన కాగితం

ఇస్త్రీ దుకాణం పక్క గదిలో చెక్క తిప్పుడు పని చేసుకు బతికే, అందరూ పేడు అని పిలిచే నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. చెక్కలోంచి లేచి వేలిలో దిగే సన్నటి ముక్క పేరు నాకెందుకు వచ్చిందో పెట్టినవాళ్లకు తెలుసు.

ఎల్లుండి పొద్దున డాక్టర్లు నా తల తెరుస్తారు. తెరిచి మూశాక నాకు తెలివి ఎంత మిగులుతుందో వాళ్లే చెప్పలేకపోతున్నారు. కాబట్టి స్థిరబుద్ధితో ఉన్నాననే మాట ఇవాళే రాసి పెడుతున్నాను. కోపంగా కూడా ఉన్నాను, అది వేరు. కోపంలో రాసింది చెల్లుతుందా అని దస్తావేజులు రాసే ఆయన్ని ముందే అడిగాను. "చెల్లకపోతే ఇక్కడికొచ్చే వీలునామాల్లో సగం చించెయ్యాలమ్మా" అన్నాడు.

ఇదివరకు నేను ఏ వీలునామా రాయలేదు. రాయడానికి ఏమీ లేదు. ఇప్పుడుంది.

1. ఆస్తి వివరం. అంతా నా స్వార్జితం. ఉలి ఆనించడానికి చెక్కను గిరగిరా తిప్పే కొత్త మినీ లేత్ ఒకటి, దానికి సరిపడే చక్, అంటే చెక్కను పట్టుకునే ఇనుప పిడికిలి. నేను కట్టుకున్న పాత లేత్, దాని చక్. ఉలులు. ఆరబెట్టిన మామిడి చెక్క ముక్కలు. ఒక మడత మంచం. పెద్దల ఆస్తి నాకేమీ రాలేదు. రావలసింది ఒకటుండేది. దాని సంగతి నాలుగో అంశంలో రాస్తాను.

2. కొత్త లేత్ నా గదికి వచ్చిన విధం. ఇది వీలునామాలో అక్కర్లేదని తెలుసు. నాకు అక్కర ఉంది.

పాతదాన్ని పారేసిన వాషింగ్ మెషిన్ మోటారుతో, విరిగిన తలుపు చట్రంతో, కుట్టుమిషన్ బెల్టుతో కట్టాను. నాకెవరూ నేర్పలేదు. తప్పు చేస్తే చెక్కే చెప్పేది, మొహం మీదే చెప్పేది. వానలు పడితే బెల్టు జారేది, ఎండలు ముదిరితే చట్రం వంగేది. వేగం మార్చాలంటే ఆపి, బెల్టు తీసి, ఇంకో చక్రానికి తగిలించి మళ్లీ మొదలుపెట్టాలి. ఒకనాడు సగం తయారైన మామిడి చెక్క గిన్నె పట్టు ఊడి వచ్చి నా నుదుటికి తగిలింది. కుట్లు పడ్డాయి. ఎందుకైనా మంచిదని డాక్టరు తలకు స్కాన్ తీయించాడు.

కుట్లు మానేలోగా కొత్తది తెప్పించుకోవాలని యంత్రాల దుకాణానికి ఫోన్ చేశాను. "మోటారు సంగతి చెప్పాలి, ఫోన్ ఒకసారి మీవారికివ్వండమ్మా" అన్నాడు అవతలివాడు. "మావారు ఇంకా పుట్టలేదు. మోటారు సంగతి నాకే చెప్పు" అన్నాను. చెప్పాడు. అందులో సగం తప్పు.

పెట్టె వచ్చిన రోజే ఆస్పత్రి నుంచి ఫోన్ కూడా వచ్చింది. ఆ పెట్టె మీద కూర్చునే మాట్లాడాను. తల లోపల రక్తనాళం ఒకటి బుడగలా ఉబ్బి ఉందట, దెబ్బకూ దానికీ సంబంధం లేదట, ఎప్పటినుంచో ఉందట. "ఆ దెబ్బే తగలకపోతే ఇది బయటపడేదే కాదు, అదృష్టవంతురాలివి" అన్నాడు డాక్టరు. నేను వెళ్లి పాత లేత్‌కు దండం పెట్టుకోవాలన్నట్టు.

అయినా కొత్తదాన్ని విప్పాను, బల్లకు బిగించాను, స్విచ్ వేశాను. వేగం పెంచాలంటే మీట తిప్పడమే, ఆపనక్కర్లేదు. ఉలి ఆనిస్తే అదరదు. అన్నీ నేను కోరుకున్నట్టే ఉన్నాయి. ఒక్కటే అనుకోనిది, దానికి మోత లేదు. పాతది గది పగిలిపోయేలా అరిచేది. ఆ అరుపులో నేను ఒక్కదాన్నే ఉన్నానని నాకెప్పుడూ తట్టలేదు. కొత్తది ఊపిరి తీసుకున్నట్టు తిరుగుతుంది. పొట్టు నేల మీద రాలే చప్పుడు వినిపిస్తుంది. వీధిలో చెప్పుల చప్పుడు గుమ్మం దాకా రావడం వినిపిస్తుంది, ఆగకుండా దాటిపోవడం కూడా వినిపిస్తుంది. ఇంత మంచి యంత్రాన్ని ఎవరికైనా చూపించాలనిపించింది. ఎవరికా అని ఆలోచిస్తే ఇద్దరు తేలారు. అందుకే ఈ కాగితంలో మనుషులు తక్కువ.

3. సదరు కొత్త లేత్‌ను, దాని చక్‌తో, నా ఉలులన్నిటితో, మామిడి చెక్క ముక్కలతో సహా, పక్క దుకాణంలో ఇస్త్రీ చేసే అత్తకు నా అనంతరం చెందేలా రాస్తున్నాను. ఆమె నాకు చుట్టం కాదు. నేను అత్తా అంటాను, ఆమె ఏమే అంటుంది. అంతవరకే చుట్టరికం.

పెట్టె తెచ్చినవాడు దాన్ని మెట్ల కిందే దించి వెళ్లిపోతే, దుప్పటి మీదకు దొర్లించి నేను లాగాను, అత్త వెనకనుంచి కాలితో తోసింది. "నీ పెళ్లికొడుకు బాగా బరువున్నాడే" అంటూ తోసింది. గిరాకీ లేనప్పుడు వచ్చి గుమ్మంలో నిలబడి చూసేది. ఒకరోజు ఉలి చేతికిచ్చాను. భయపడుతుందనుకున్నాను. చెక్క గుండ్రబడుతుంటే పకపకా నవ్వింది. "ఇన్నేళ్ల కాపురంలో మా ఆయన నా మాటకు ఒక్కసారి తిరగలేదు, ఈ కర్ర చూడవే, ఎలా తిరుగుతోందో!" అంది. ఆ రోజు చేసిన పిడిని తన అల్మారా తలుపుకు బిగించుకుంది. రెండో తలుపుకు ఇంకా పిడి లేదు, తాడు కట్టి లాగుతోంది. రెండోదీ ఆమే చేసుకోవాలి. నేను చేసిస్తానంటే వద్దంది.

లేత్ మీద ఆమెకు సర్వహక్కులూ ఉంటాయి. దానం చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అమ్మితే నాకు కోపం వస్తుంది, కానీ చూపించడానికి నేను ఉండను కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. షరతులు మాత్రం ఉన్నాయి. జాకెట్టు చేతులు మోచేతుల పైకి మడవాలి. కళ్లద్దాలు లేకుండా స్విచ్ ముట్టకూడదు. చక్ బిగించే తాళంచెవిని అందులోనే మరిచిపోయి స్విచ్ వేస్తే అది ఎగిరొచ్చి కొడుతుంది. నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఆమె తలకెక్కడం లేదు, అందుకే దస్తావేజు భాషలో చెబుతున్నాను: సదరు తాళంచెవిని ముందు బయటికి తీయవలెను.

4. మా అన్నయ్యకు నేను ఏమీ రాయడం లేదు. మరిచిపోయి కాదు.

అన్నయ్యా, సంతకం పెట్టేముందు ఇది నువ్వు చదువుతావని తెలుసు. తెలిసే రాస్తున్నాను. నేను ఏమీ రాయకుండా పోతే నాదంతా చట్టప్రకారం నీకు వస్తుందట. అమ్మా నాన్నా లేరు, నాకు పెళ్లి లేదు, మిగిలింది నువ్వే. నీ చేతికొస్తే కొత్త లేత్ ఏమవుతుందో నాకు తెలుసు. నాన్న లేత్ ఏమయిందో చూశాను కాబట్టి.

నాన్న దాన్ని లేత్ అనేవాడు కాదు, తరిమెన అనేవాడు. ఆయన పోయాక అది నాదని నేననుకున్నాను. ఎవరూ రాసివ్వలేదు, నిజమే. "ఎవరు నడుపుతారే దాన్ని? అందరూ ప్లైవుడ్డే అడుగుతున్నారు" అన్నావు. నేను నడుపుతానన్నాను. నవ్వావు. "జుట్టు చుట్టుకుంటే మనిషినే లాగేస్తుంది. నీ శవాన్ని నేను మొయ్యాలా?" అన్నావు. మరుసటి పూటే కత్తెరతో మెడదాకా కోసేసుకుని వచ్చి నీ ముందు నిలబడ్డాను. ప్లైవుడ్ కోస్తున్నవాడివి తలెత్తలేదు. మేకులు తెమ్మని పంపావు. నేను మేకులతో తిరిగొచ్చేసరికి తుక్కు బండి వెళ్లిపోయింది. నేల మీద దాని కాళ్ల గుర్తులు నాలుగు మిగిలాయి. ఆ గుర్తుల మధ్య నిలబడే మేకులు నీ చేతికిచ్చాను.

అమ్మినందుకు కాదు నా కోపం. నన్ను పంపించి అమ్మినందుకు. ఎదురుగా అమ్మితే కొట్టుకునేవాళ్లం, ఏడ్చేదాన్ని, అయిపోయేది.

ఆపరేషన్‌కు ముందు నా జుట్టు మొత్తం గొరిగేస్తారట. ఇక చుట్టుకుంటుందన్న బెంగ నీకు అక్కర్లేదు.

5. పాత లేత్‌ను గడియారాలు బాగుచేసే తాతకు రాస్తున్నాను. గోడ గడియారాల మీద ఉండే చిన్న చిన్న కలశాలు విరిగితే నా చేత చేయించేవాడు. "ఇదెలా నడుస్తోందో నాకు అర్థం కావడం లేదు, అందుకే వచ్చి చూస్తుంటాను" అనేవాడు ఆ లేత్‌ను చూసి. ఇప్పుడు విప్పి చూసుకోవచ్చు. మళ్లీ బిగించలేకపోతే నన్ను తిట్టకూడదు. దాని చక్ కొత్త లేత్‌కు ఎక్కదు, కొత్తదాని చక్ దీనికి పట్టదు, రెండింటి మరలు వేరు. కాబట్టి పంచేటప్పుడు కలగాపులగం చేయకూడదు. ఒకరికి లేత్, ఇంకొకరికి దాని చక్ వెళ్తే ఇద్దరికీ ఇనుమే మిగులుతుంది.

ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా తాతదే. ఆయనకు చెవులు సరిగ్గా వినిపించవు. ఎవరైనా వచ్చి వాదించినా ఫరవాలేదు.

6. వదినకూ ఏమీ రాయడం లేదు, ఎందుకో ఎనిమిదో అంశంలో ఉంది. నేను ఇల్లు వదిలిన రోజు వీధి మలుపు దాకా పరుగెత్తుకొచ్చి నా చేతిలో దిండు పెట్టింది. ఆ దిండు మీదే పడుకుంటున్నాను. తిరిగి ఆమెకే రాద్దామనుకున్నాను, చట్టం ఒప్పుకోదట. కాబట్టి దిండు గదితో, మడత మంచంతో పాటు ఇంటి యజమానికి పోతుంది, పాపం ఆయనకు దాని విలువ తెలియదు.

7. నేను బతికి, కుడిచెయ్యి పనిచేయకపోతే. అలా కూడా జరగవచ్చని డాక్టరు చెప్పాడు. వీలునామా చచ్చినవాళ్లకేగానీ ఇలాంటివాటికి పనికిరాదని దస్తావేజులాయన అన్నాడు. అయినా రాస్తున్నాను, చదివినవాళ్లకు మనసుంటే పాటిస్తారు. అలా జరిగితే లేత్ అప్పటికప్పుడే అత్తది. నన్ను మాత్రం ఆ గదిలోంచి పంపకూడదు. పక్కన ఉండి, ఆమె ఉలి తప్పుగా పట్టినప్పుడల్లా తిడతాను. ఆమె తిరిగి తిట్టవచ్చు. గదిలో రెండు గొంతులుంటే చాలు.

8. సాక్షులు. దీని దగ్గరే ఇరుక్కుపోయాను.

ఇద్దరు సాక్షులు ఉండాలట. ఆస్తి పొందేవాళ్లు సాక్షి సంతకం పెడితే వాళ్లకు రాసింది చెల్లదట. దస్తావేజులాయన కలం పట్టుకుని అడిగాడు, "నీవాళ్లంటూ ఎవరున్నారమ్మా?" అని. ఇద్దరున్నారన్నాను. "ఆస్తి ఎవరికి రాస్తున్నావు?" ఆ ఇద్దరికే అన్నాను. "మరి సాక్షులో?" అన్నాడు. ఆయన కలం మూత పెడుతూ తీస్తూ కూర్చున్నాడు. నాకు లోకంలో మనుషులు ఎంతమందో అంత సూటిగా నన్నెవరూ అడగలేదు.

ఆఫీసు మెట్ల మీద కూర్చునేవాళ్లలో ఇద్దర్ని పిలుస్తానన్నాడు, వాళ్లకు రోజూ ఇదే పనట. మళ్లీ తనే తల అడ్డంగా ఊపాడు. "రేపు మీ అన్న అడ్డం తిరిగితే వీళ్లు నీ మొహం కూడా గుర్తుపట్టరు. నా మాట విని మీ అన్న చేతే పెట్టించు. రావలసినవాడు అతను, ఏమీ రానివాడూ అతనే. అతనే సంతకం పెట్టాక ఇంక కాదనేదెవరు?" అన్నాడు.

ఆయన మీద కూడా కోపం వచ్చింది. కానీ అన్నది సరైన మాట.

కాబట్టి ఈ సాయంత్రం అన్నయ్య దుకాణానికి వెళ్తాను. ఆ వీధి తప్పించుకోవడానికి ఇన్నేళ్లూ మార్కెట్ చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని. లోపలికి వెళ్లి మొదట ఏమనాలో రాసుకుందామని మూడు కాగితాలు చింపాను. ఏమీ అనను. ఇది చేతికిస్తాను.

అన్నయ్యా, నువ్వు సంతకం పెట్టకపోతే ఇది ఉత్త కాగితం, లేత్ నీది. పెడితే అత్తది. వదిన కూడా పెట్టాలి. నాకు నీ దగ్గరనుంచి కావలసింది ఇంతే, ఇంతకన్నా ఏమీ అడగలేదు, అడగను. నీ సంతకం నాన్న సంతకంలాగే చివర కిందికి జారుతుంది. దానికోసం వచ్చానని అనుకోకు.

పైన రాసినవన్నీ నా ఇష్టపూర్వకంగా రాశాను. చదువుకున్నాను, సరిగ్గానే ఉన్నాయి. కొన్ని మాటలు గట్టిగా పడ్డాయి. మార్చను.

తేదీ: పద్నాలుగు, గురువారం.

సంతకం: పేడు

సాక్షి ఒకటి: పై సంతకం మా చెల్లెలు నా దుకాణంలో, నా కళ్లముందు చేసింది. నేను ఆమె కళ్లముందు చేస్తున్నాను. ఇందులో నాకేమీ రాలేదు, నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఆపరేషన్ సంగతి ఈ కాగితం చదివితేనే తెలిసింది. కుర్చీ వేశాం, కూర్చోలేదు. ఎల్లుండి పొద్దున ఆస్పత్రికి నేను వెళ్తున్నాను. సాక్షి అలాంటివి రాయకూడదు, కొట్టెయ్యమంటోంది. కొట్టెయ్యను.
(అన్న, వడ్రంగి)

సాక్షి రెండు: నేనూ చూశాను. నేను ఇది రాసే సమయానికి ఇద్దరూ ఇంకా నిలబడే ఉన్నారు.
(వదిన)