జారినంక చెప్పే టైర్లు

మహీ, నీ పెండ్లాం శ్రేయను అయిదో నెల స్కానింగుకు నేనే వికారాబాదుకు తీసుకపోతున్న, రైలుల. లేచి లొల్లి చెయ్యకు. పప్పు చేసిపెట్టిన, తిను. తిన్నంక కారుకు నువ్వు కొత్తగ ఏయించిన ఆ వెడల్పు టైర్లు విప్పించి పాతవి ఎక్కించు. పాత సామాన్లు కొనేటోనికి ఇయ్యమన్నవు గని నేనియ్యలే, బాత్రూం వెనుక దాచిపెట్టిన.

మొన్న వానల అనంతగిరి మలుపు కాడ నువ్వు స్టీరింగ్ తిప్పితివి, కారు నిన్ను లెక్కచెయ్యక తిన్నగ పోయె. వియ్యపురాలు కట్టిచ్చిన పచ్చిపులుసంత నా కొత్త చీర మీదికొచ్చె. "రోడ్డు సంగతి స్టీరింగే చేతికి చెప్తది నానమ్మా" అని గొప్పలు కొడ్తుంటివి గద! పాత టైర్లు జారకముందే చెప్తుండె. ఇవి జారినంక చెప్తున్నయి, మీ తాత బర్రెను అమ్మినంక నాకు చెప్పినట్టు. చూడనీకె మాత్రం పెండ్లికొడుకు బూట్ల తీరు మెరుస్తయి.

పాతవి ఎక్కిస్తేనే దవఖానకు రా, నీ కారుల తిరిగొస్తం. లేకుంటే మళ్ళ రైలే.

నానమ్మ

టైర్లెందుకు మార్చినవని ఎవరన్న అడిగితే ముసల్ది భయపడ్డదని చెప్పు. ఆ మలుపు కాడ శ్రేయ ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకొని, ఇంకో చేత్తోటి నన్ను గట్టిగ పట్టుకున్నది. నీకు చెప్పొద్దన్నది.