గురువారం ముహూర్తం

అల్లుడు మహేందర్‌కు మామ రాసేది. ఫోన్ జేస్తే నడుమల కట్ చేస్తవని రాస్తున్న.

నీ బిడ్డ సింధూజ పుట్టినప్పుడు, నొప్పులు రాకముందే పంతులు పెట్టిన గడియకు నా బిడ్డ కడుపు కోయించినవు. ఆ కోపం ఇన్నేండ్లు మింగిన. ఇప్పుడు సింధూజ తొలి కాన్పుకు గూడ గురువారం ముహూర్తం పెట్టించినవు. థూ! అందుకే పిల్ల కోరుట్లల నీ ఇల్లు ఇడిచిపెట్టి నా ఇంటికచ్చి కూసున్నది.

నార్మల్ అయితదని సిరిసిల్ల డాక్టరమ్మనే చెప్పింది. అక్కడి నర్సమ్మ పిల్లకు ఊపిరి తీసుడు నేర్పుతున్నది. నొప్పి లేసినప్పుడు ముక్కుతోని నిమ్మళంగ పీల్చి, నోటితోని మెల్లగ ఇడవాలె. "ఊపిరి గూడ నేర్చుకునుడేంది?" అని నేను నవ్విన.

"వడ్ల బస్త ఎత్తేటప్పుడు నువ్వు ఊపిరి బిగవట్టవా తాతా?" అన్నది సింధూజ. ఇప్పుడు రోజూ నాతోని గూడ చేపిస్తది.

గసొంటి పిల్లను, "కుక్క లెక్క రొప్పితే జాతకం మంచిగైతదా?" అని ఫోన్ల అంటవా? కన్నతండ్రి మాటనా అది?

పిల్ల నా ఇల్లు కదలదు. అంత మంచి గడియ వట్టిగ పోవద్దనుకుంటే, నువ్వే పోయి పండుకొని కడుపు కోయించుకో. ముహూర్తం మానుకున్ననని బుధవారం పొద్దుగూకేలోపు జవాబు రావాలె.