కుళాయి ఒకరికి, మెట్లు ఒకరికి

బట్టలు కుట్టి ఇద్దరు పిల్లల్ని పెంచాను. ఇప్పుడు ఒక్కడే ఉన్నాడు. నా బుద్ధి సరిగానే ఉంది, చెయ్యి వణకడం లేదు, ఎవరూ పక్కన కూర్చుని చెప్పి రాయించడం లేదు. నా స్వార్జితమైన ఈ ఇల్లు నా తదనంతరం ఈ కింది విధంగా చెందవలెను.

1. ముందు భాగం రెండు గదులు, వంటిల్లు, కుళాయి, మోటారు స్విచ్చితో సహా నా కొడుక్కి.

2. వెనక రేకుల షెడ్డు, దాని పక్కనుంచి డాబా మీదికి పోయే మెట్లు నా కూతురి స్నేహితురాలు, రంగుల అమ్మాయికి, సర్వహక్కులతో. ఆ షెడ్డులోనే నా కూతురు బొమ్మలు వేసేది, ఈ పిల్ల రంగులు కాచేది. రాళ్ళ మీద, చెట్ల బెరడు మీద బూడిదరంగు మచ్చలుంటాయే, రాతిపువ్వు, అవే వాళ్ళ బొమ్మలు. రాలినవి ఏరి కాస్తే వచ్చేదే ఆ బొమ్మలకి రంగు. "అది ఒక్క ప్రాణి కాదమ్మా, బూజూ పాచీ పెట్టుకున్న కాపురం. బూజు ఇల్లు కడుతుంది, పాచి ఎండతో వండిపెడుతుంది" అనేది నా కూతురు.

3. "ఇలా పంచితే రోజూ గొడవేనమ్మా" అని వకీలుగారు తల పట్టుకున్నారు. కుళాయి లేనిదే షెడ్డులో రంగు ఉడకదు. మెట్లు లేనిదే కొడుకు ట్యాంకు చూసుకోలేడు, కోడలు బట్టలు ఆరేయలేదు. తెలిసే రాశాను. మధ్యలో గోడ కట్టరాదు. వేరే కుళాయి, వేరే మెట్లు పెట్టరాదు.

4. కోడలికి నా కుట్టుమిషను, నా కూతురి భూతద్దం. మొగుడు ఇంట్లో లేనప్పుడు పెరటిగోడ మచ్చల్ని దాంతో చూస్తుంటావు. ఇక చాటుగా చూడనక్కర్లేదమ్మా.

5. మా ఆడపడుచుకి ఉక్కుపీచు. నా కూతురు ఏళ్ళుగా చూసుకుంటున్న రాతిపువ్వు రాతిని తోమేసి "ఎంత తెల్లగా వచ్చిందో చూడవే" అని మురిసింది ఆ పీచుతోనే. ఇంకేమీ లేదు.

6. బట్ట మీద సగంలో ఆగిన పెద్ద బొమ్మ రంగుల అమ్మాయిది. పూర్తి చేసినా, అలాగే ఉంచినా తన ఇష్టం. ఎక్కడ పెట్టినా ఇద్దరి పేర్లూ ఉండాలి.

7. దీన్ని అమలు చేయవలసింది నా తమ్ముడు. వాడికి మొహమాటం లేదు.

8. నాయనా, ఇది నీకు. నేను పోయిన మర్నాడే షెడ్డుకి తాళం వేస్తానన్నావు. "అది రమ్మనకపోతే చెల్లి ఆ బండ ఎక్కేదా" అంటున్నావు. రాతిపువ్వు కోసం రమ్మన్నది నీ చెల్లెలే. వానకి తడిసిన బండ మీద కాలు జారి పడింది. ఈ పిల్ల దాన్ని వీపున వేసుకుని రోడ్డుదాకా మోసింది. నెత్తురుతో తడిసిన తన చున్నీ నేనే ఉతికాను. తనని క్షమించమనను, తప్పు చేసినవాళ్ళనే క్షమిస్తారు. మాట్లాడమని కూడా అనను. పొద్దున్నే మోటారు వేసి, షెడ్డువైపు నీళ్ళు వదులు. చాలు.

జూలై పద్నాలుగు, ఆదివారం.

(సంతకం) అమ్మ

సాక్షులు:
మందులషాపు ఆయన
ఎదురింటి టీచరమ్మ