పడుకోబెట్టి పోగొట్టుకున్న కాళ్ళు

చిట్టీ,

ఫోనులో చెప్పకుండానే పెట్టేశాను. అందుకే రాస్తున్నాను.

అమ్మకి నెమ్ము తగ్గింది. జ్వరం లేదు. ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకెళ్ళవచ్చన్నారు. కానీ అమ్మ నిలబడలేకపోతోంది. డాక్టరుగారు దుప్పటి తొలగించి తొడ చూపించారు. చర్మం వేలాడుతోంది, లోపల కండ లేదు. "జబ్బు కొంత తినేసిందమ్మా. మిగతాది ఈ మంచం తినేసింది. ఈ వయసులో కదలకుండా పడుకుంటే ఇంతే" అన్నారు.

బతుకంతా నిలబడి జనం బట్టలు ఇస్త్రీ చేసిన మనిషి. "ఇన్నాళ్ళకి నడుం వాల్చాను, లేపకండే" అంటే మనకి ముచ్చటేసింది. "కాలు కింద పెట్టనివ్వకే అక్కా, పడితే తుంటి విరుగుతుంది" అని నువ్వు రోజూ హెచ్చరించావు. నేను చెంచాతో జావ తాగించాను, అన్నీ మంచం మీదే కానిచ్చాను. దేవుడికి చేసినట్టే చేశాను. ఇద్దరం పోటీపడి చేసిన సేవ ఇలా అయింది.

ఇక అమ్మ చేతికే చెంచా ఇస్తాను. ఏడ్చినా కూర్చోబెడతాను. నువ్వొచ్చి చెడగొట్టకు.

నీకంటే ముందు పుట్టిన పాపానికి,
అక్క

*

చిట్టీ,

నువ్వు వచ్చి "రాక్షసివే నువ్వు" అని వెళ్ళిపోయావు. తప్పు పట్టను. నీ కళ్ళముందే అమ్మ చేతిలో చెంచా ఒరిగి, సగం జావ ఒళ్ళో పడింది కదా.

నువ్వు వెళ్ళాక నేనూ, పక్కింటావిడా చెరో రెక్క పట్టుకుని లేపాం. మోకాళ్ళు తడిగుడ్డల్లా మడతపడ్డాయి. "నా కాళ్ళేవే?" అంది అమ్మ. మంచం పక్కన కూర్చుని, నడిపించు తండ్రీ అని వేడుకున్నాను. పైకే అన్నానేమో, అమ్మ విన్నది.

"నన్నడక్కుండానే అర్జీ పెట్టేశావా? నేను నడిచి ఎవర్ని ఉద్ధరించాలే? దొడ్డికి నా అంతట నేను పోతే చాలు. నువ్వు తుడుస్తుంటే చచ్చిపోవాలనిపిస్తోంది."

ఇన్నాళ్ళూ నేను తుడుస్తూనే ఉన్నాను, చిట్టీ. మొహం పక్కకి తిప్పుకునేది. నిద్రొస్తోంది కాబోలనుకున్నాను.

ఇవాళ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా స్నానాలగది దాకా ఈడ్చుకెళ్ళాను. లోపల కమోడ్ మీద దించాను. గోడకున్న కడ్డీ పట్టుకుంది.

"ఇక నువ్వు బయటికి పో. తలుపెయ్యి."

వేశాను. బయట నిలబడితే ప్రార్థన ఒక్క ముక్క గుర్తు రాలేదు. లోపల చప్పుడు కోసం చెవులు రిక్కించాను, అంతే. చాలాసేపటికి "ఒసేయ్" అని పిలిచింది. తుడుచుకుంది. లేవలేకపోయింది. ఎత్తి తెచ్చాను. చిన్నపిల్లంత బరువు కూడా లేదు.

పోయిన కండ తిరిగి రాకపోవచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు. నాకూ పెద్ద ఆశ లేదు. రేపు మళ్ళీ తీసుకెళ్తాను. తలుపు వేస్తాను.

నువ్వు రా. తినిపించకు, తుడవకు. తలుపు బయట నా పక్కన నిలబడు. ఒక్కదాన్నే నిలబడలేకపోతున్నాను.

ఉంటాను,
అక్క